రెండు వందల పద్నాలుగో కాగితం

ఫిబ్రవరి 11

మా సిరాబుడ్డి తమ్ముడికి అక్క రాస్తున్నది,

క్షేమమా అని అడగను. అడిగితే "బాగానే ఉన్నాను" అని రెండు ముక్కలు పడేస్తావు. వాటి కోసం నేను కళ్లజోడు వెతుక్కోవాలి. మేం మాత్రం ఉన్నాం. నీ మేనకోడలు పిచ్చుక మళ్లీ పొడుగు సాగింది. పోయినేడు కుట్టిన గౌను మోకాళ్లు దాటనంటోంది. నేను కోట్లు కుట్టే షెడ్డులో గుండీలు కుడుతూనే ఉన్నాను. రోజుకి మూడు వందల గుండీలు కుట్టాక కళ్లు మూసుకున్నా నాలుగు బెజ్జాలు కనిపిస్తున్నాయి.

అసలు సంగతికి వస్తాను. ఆసుపత్రి గోడకి బోర్డు పెడుతున్నారు. యుద్ధం చివరి నెలలో మీ బావ నడిపిన లారీలో ఆయనతోపాటు పోయిన పదకొండు మంది రోగుల పేర్లు దాని మీద రాస్తారట. లారీ నడిపినవాడి పేరు మాత్రం రాయరు. ఎందుకు రాస్తారు? విచారణ కాగితంలో "డ్రైవరు నిర్లక్ష్యం" అని ఉంది కదా. కల్వర్టు కింద మందుపాతర ఉందని పటంలో ఎర్ర చుక్క పెట్టి మరీ చెప్పినా, చూసుకోకుండా బండి పోనిచ్చాడట. కూరగాయల బుట్టని కూడా రెండుసార్లు చూసుకుని కదిలే మనిషి!

బావ చొక్కా జేబులో దొరికిన పటం నా పెట్టెలోనే ఉంది. ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. దాని మీద పంతొమ్మిది ఎర్ర చుక్కలున్నాయి. కల్వర్టు దగ్గర లేదు. విచారణలో ఈ మాట చెబితే, "కాగితం వాగులో తడిసింది కదమ్మా, అక్కడి చుక్క చెరిగిపోయి ఉంటుంది" అన్నారు. పంతొమ్మిదీ చెరక్కుండా అదొక్కటే చెరిగిందా? నీళ్లకి మా మీద పగా?

నువ్వు ఇరవై ఏళ్లుగా స్క్రీన్ ప్రింటింగులో ఉన్నావు. యుద్ధంలో రేషన్ కార్డులు కొట్టానని చెప్పావు. ఎర్ర సిరా అలా ఒక్కచోటే పోతుందా పోదా, అది చెప్పు చాలు. మీ కొట్టు పేరున్న కాగితం మీద రాసి పంపితే అర్జీకి జత చేస్తాను. బోర్డు ఇంకా అచ్చుకి వెళ్లలేదు. ఒకసారి గోడకి ఎక్కిందంటే ఇక ఎవరు దించుతారు? బోర్డు మీద లేని మనిషే దోషి అని పిచ్చుక తన పిల్లలకి కూడా చెప్పుకోవాల్సి వస్తుంది.

కుళాయి దగ్గర గడియారాలావిడ నన్ను చూసి బకెట్టు తీసుకుని పక్కకి జరిగింది. గడియారాలు బాగుచేసే ఆయన భార్య. ఆ పదకొండు మందిలో వాళ్లబ్బాయి ఒకడు. ఆమెని అనడానికి నాకు నోరు రాదు. కానీ రెండేళ్లుగా రోజూ పొద్దున్నే అదే కుళాయి, అదే జరగడం.

వెంటనే రాయి.

నీ అక్క

ఫిబ్రవరి 23

అక్కకి నమస్కారాలు,

బాగానే ఉన్నాను. (తిట్టుకోకు.) నీ ఉత్తరం వారం కిందటే వచ్చింది. కొట్టులో పని ఊపిరాడనివ్వలేదు. సబ్బు డబ్బాల మీద అతికించే కాగితాలు ఇరవై వేలు, మూడు రంగులు. దానికితోడు ఈమధ్య ఒక చిత్రకారిణి వస్తోంది. ఎప్పుడు చూసినా వేళ్లనిండా బొగ్గుమసి. ఆమెకి బొగ్గమ్మ అని పేరు పెట్టాను, మనసులోనే. ఆమె పనికి సబ్బు డబ్బాలే నయం. "ఇక్కడ కొంచెం తప్పుగా రావాలి" అంటుంది. తప్పుగా రావడానికి ఎంత సిరా కలపాలో నాకేం తెలుసు?

నువ్వడిగిన దాని గురించి. యుద్ధంలో దొరికిన ఎర్ర సిరా నాసిరకం. నూనె తక్కువ, పొడి ఎక్కువ. కాగితం ఒకచోట సరిగ్గా పీల్చుకోకపోతే అక్కడ సిరా పైపైనే నిలిచి, తడిసినప్పుడు లేచిపోయే అవకాశం ఉంది. మిగతాచోట్ల నిలిచి ఒక్కచోటే పోవడం జరగనిది కాదు. అలాగని జరిగి తీరిందనీ చెప్పలేను.

ఈ కాగితాన్ని అర్జీకి జత చేయకు. నా మాటకి అంత విలువేముంది, నేను రబ్బరు పట్టీతో సిరా లాగేవాణ్ణి.

ఒక సంగతి. ఆ పటానికి కింద కుడిమూలన చిన్న నంబరు అచ్చేసి ఉండాలి. అదెంతో చూసి రాయి.

పిచ్చుకకి ముద్దులు.

తమ్ముడు

మార్చి 4

తమ్ముడూ,

నీ ఉత్తరం జత చేశాను. చేయకు అన్నావు, కానీ ఆఫీసులో గుమస్తా "అచ్చుపని తెలిసినవాళ్లెవరైనా చూశారా?" అని మొహం మీదే అడిగాడు. మా ఇంట్లోనే ఒకడున్నాడు, నా తమ్ముడు అన్నాను. నీ ఉత్తరం సంచిలోనే ఉంది. అబద్ధం చెప్పడం నాకు రాదు, నీకు తెలుసు. తీసి ఇచ్చాను.

వాడు నిలబడే చదివాడు. "జరగనిది కాదు అని మీ తమ్ముడే రాశాడు కదమ్మా" అని, ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి ఫైలు మూసేశాడు. అంతే. రెండేళ్లుగా ఎదురుచూసిన అర్జీ టీ తాగినంతసేపు కూడా నడవలేదు.

నీ మీద కోపం వచ్చింది. దారంతా తిట్టుకుంటూ నడిచాను. ఇంటికొచ్చాక, నిజమేదో అదే రాశాడు, అక్క కదా అని సిరా గుణం మార్చి రాస్తాడా అని సర్దుకున్నాను. నువ్వు చిన్నప్పుడూ అంతే. కిటికీ అద్దం పగలగొట్టి, ఎవరూ అడగకముందే వెళ్లి నాన్న ఎదుట నిలబడేవాడివి.

నంబరు 214. ఎందుకు?

బడిలో పిచ్చుకని చివరి బల్ల మీద ఒక్కదాన్నే కూర్చోబెట్టారు. టీచరు అనలేదు, పక్కపిల్లలే లేచి వెళ్లిపోయారట. "బల్లంతా నాదే అమ్మా, మోచేతులు చాపుకోవచ్చు" అంటోంది. అదీ నవ్వుతూ.

అక్క

మార్చి 30

అక్కకి,

ఆలస్యానికి మన్నించు. నంబరు ఊరికే అడిగాను. ఏ విడతలో కొట్టిందో తెలుస్తుందేమోనని. దానివల్ల తేలిందేం లేదు.

ఫైలు మూశారన్న మాట చదివాక మూడు రోజులు పనికి వెళ్లలేదు. ఒంట్లో బాగాలేదని కబురు పెట్టాను.

బొగ్గమ్మతో నాకు రోజూ పేచీ. చెబితేగాని నీకు అర్థం కాదు. మా పనిలో ఫ్రేముకి పట్టుగుడ్డ బిగిస్తాం. బొమ్మ ఉండాల్సినచోట గుడ్డ తెరిచి ఉంటుంది, మిగతాచోట పూత మూసేస్తుంది. పైన సిరా పోసి రబ్బరు పట్టీతో లాగితే, తెరిచి ఉన్నచోట మాత్రమే కాగితం మీదికి దిగుతుంది. పూతలో ఎక్కడైనా సూదిమొనంత బెజ్జం మిగిలితే, అక్కడ కూడా సిరా దిగి అక్కర్లేని చుక్క పడుతుంది. ఆ బెజ్జాలు వెతికి సన్న కుంచెతో మూయడంలోనే పనివాడి పనితనం. నా అంత త్వరగా బెజ్జం పట్టేవాడు ఈ వీధిలో లేడు.

ఈవిడేమో "మూయకు" అంటుంది. మొదటిరోజు అలవాటుకొద్దీ తొమ్మిది మూసేశాను. ఆమె వచ్చి, ఫ్రేముని వెలుతురుకి పట్టి చూసి, "నా తొమ్మిది చుక్కలు ఏవి?" అంది. ఎలా లెక్కపెట్టిందో! "అవి తప్పులండీ" అన్నాను. "తప్పో కాదో నువ్వెలా చెబుతావు? నన్నడిగావా?" అంది. నాకు ఒళ్లు చల్లబడిపోయింది. సిరా డబ్బా మూత పెట్టుకుంటూ నిలబడ్డాను.

చివరికి ఆమె చెప్పినట్టే చేశాను. కొట్టు వెనక, స్క్రీనుకి బొమ్మ ఎక్కించడానికి వాడి పారేసిన పాత ఫిల్ముల చెత్తలోంచి ఏదో తుక్కు ఏరుకొచ్చి, ఇంతలావు పెద్దది చేయించి, నలుపు మీద బూడిదరంగు, దాని మీద ఇంకో బూడిదరంగు వేయించింది. గీతలు, మరకలు, చుక్కలు. ఇది ఫలానా అని చెప్పడానికేం లేదు. మొత్తం నలభై కాగితాలు. యంత్రంలా నలభై ఒకేలా వస్తే ఆమెకి నచ్చదు. ఒక్కో కాగితం మీదా బొగ్గుతో చేత్తో గీతలు గీసింది. తర్వాత ఎర్ర మైనం పెన్సిలు నా చేతికిచ్చి, "నువ్వూ ఒక గుర్తు పెట్టు, ఎక్కడ పెడతావో నీ ఇష్టం" అంది. పెట్టాను.

అందులో ఒకటి నీకు పంపుతున్నాను, రేకు గొట్టంలో చుట్టి. దానికి పైనా కిందా లేదు. ఎటుపెట్టి చూసినా ఫరవాలేదు.

తమ్ముడు

ఏప్రిల్ 14

ఒరేయ్ తమ్ముడూ,

గొట్టం విప్పి, పిచ్చుకా నేనూ దాన్ని నాలుగువైపులా తిప్పి చూశాం. పొయ్యి గోడ మసి మీద వాన కురిసినట్టుంది. ఇందులో బొమ్మ ఎక్కడుందో చెబితే నీకు కోటు కుట్టి పంపుతాను, గుండీలతో సహా. అయినా చక్కగా పనికొచ్చింది. పోయిన ఆదివారం ఎవరో కిటికీ అద్దం మీదికి రాయి విసిరారు. బోర్డు పెట్టే రోజు దగ్గరపడేకొద్దీ జనానికి ఆవేశం ఎక్కువవుతోంది. అద్దం ఒక పలక పోయింది. నీ కాగితం సరిగ్గా సరిపోయింది. మేకులు కొట్టి బిగించాను. గాలి ఆగింది.

ఇక అసలు సంగతి. ఈ బొగ్గమ్మ ఎవరు? రెండు ఉత్తరాల నిండా ఆవిడే. బొగ్గమ్మ ఇలా అంది, బొగ్గమ్మ అలా చూసింది, నాకు ఒళ్లు చల్లబడింది! మూడు రోజులు పనికి పోలేదట, ఒంట్లో బాగాలేదట. నాకు చెవిలో పువ్వులేం లేవు. నలభై ఏళ్లొచ్చాక ఇప్పటికైనా నీకో తోడు దొరికితే నాకంటే సంతోషించేవాళ్లెవరు? వేళ్లకి మసి ఉంటే ఏం, సబ్బు ఉంది కదా. నా ఇంట్లో ఇలా ఉందని నీ మంచి కబురు దాచుకోకు. ఏదో దాస్తున్నావని నీ అక్షరాలే చెబుతున్నాయి, వరస తప్పి కిందికి జారిపోతున్నాయి.

బోర్డు జూలైలో పెడతారట. ఆ రోజు మేం ఇంట్లోనే ఉంటాం, తలుపు వేసుకుని.

నీ అక్క

ఏప్రిల్ 22

అక్కా,

బొగ్గమ్మకి అరవై మూడేళ్లు. ఇద్దరు మనవలు. నువ్వు నవ్వుకుని ఉంటావు, నవ్వుకో. నాకు మాత్రం నవ్వు రావడం లేదు.

దాచుకున్న మంచి కబురంటూ ఏదీ లేదు.

రాయి విసిరినవాళ్లెవరు? పిచ్చుకకి తగల్లేదు కదా?

ఆ కాగితాన్ని కిటికీలోంచి తీసెయ్. అద్దం పలక పంపుతున్నాను. దాన్ని వెలుతురులో ఉంచకు. వీలైతే చూడను కూడా చూడకు. పంపకుండా ఉండాల్సింది. పంపేశాను.

తమ్ముడు

మే 6

నా బంగారు తమ్ముడికి,

నన్ను క్షమించు. నీ కాగితాన్ని వెక్కిరించాను. గుడ్డిదాన్ని, చూడటం రాలేదు. పిచ్చుకకి వచ్చింది.

అద్దం పలక వచ్చాక, నువ్వు చెప్పినట్టే దాన్ని తీద్దామని కుర్చీ ఎక్కాను. అప్పుడు పిచ్చుక, "అమ్మా ఆగు" అంది. బయటి ఎండ కాగితంలోంచి వస్తోంది. బూడిదరంగుల కింద ఒక నల్ల గీత వంపు తిరిగి కనబడింది. పిచ్చుక పరుగెత్తి పెట్టెలోంచి నాన్న పటం తెచ్చింది. దాన్ని కిటికీలో కాగితం పక్కన పట్టుకుని, వేలితో చూపించింది. వాగు వంపు. అదే వంపు, ఇరవై రెట్లు పెద్దగా. పక్కన రోడ్డు. వాగూ రోడ్డూ కలిసేచోట, చేత్తో పెట్టిన ఎర్ర చుక్క. కల్వర్టు.

నేల మీదే కూర్చుండిపోయాను. పిచ్చుక నా తల నిమురుతూ, "మావయ్యకి తెలుసమ్మా, నాన్న తప్పు లేదని మావయ్యకి తెలుసు" అంటూనే ఉంది. రెండేళ్లలో మొదటిసారి గొంతెత్తి ఏడ్చాను. పక్కింటివాళ్లకి వినపడితే వినపడనీ అనుకున్నాను.

ఊరంతా మొహం చాటేసినా, పటం మీద లేని చుక్కని నీ చేత్తో పెట్టి చూపించావు. నీ ఉత్తరంలో సిరా గురించి ఏం రాశావో అది నేను మర్చిపోయాను, నువ్వూ మర్చిపో.

ఇప్పుడు చెప్పు. ఆ పాత ఫిల్ము మీ కొట్టు చెత్తలో దొరికిందంటే, పటాలు కొట్టింది మీ కొట్టులోనేనన్నమాట. నీకూ ఇప్పుడే తెలిసి ఉంటుంది. అందుకేనా మూడు రోజులు మంచం పట్టావు? అయితే ఆ చుక్క ఎలా పోయిందో అక్కడెవరికో ఒకరికి తెలిసే ఉంటుంది. వాణ్ణి పట్టుకో. యజమాని అయితే యజమాని, పనివాడైతే పనివాడు. వాడి పేరు నాకు రాయి. నేనే వస్తాను. వాడి ఎదురుగా నిలబడి, పిచ్చుకని పక్కన నిలబెట్టి, ఒక్కమాట అడుగుతాను. రెండేళ్లు ఎలా అన్నం తిన్నావురా అని.

నాకింకెవరున్నారు నువ్వు తప్ప.

నీ అక్క

మే 17

అక్కా,

నేనే.

ఇది రాసి, పెన్ను పక్కనపెట్టి, వీధి చివరిదాకా నడిచి వచ్చాను. ఇప్పుడు మిగతాది రాస్తాను. ఆపకుండా రాస్తాను, మధ్యలో ఆపితే చింపేస్తాను.

రేషన్ కార్డులు కొట్టానని నీతో అబద్ధం చెప్పాను. అప్పట్లో పటాల సంగతి బయట చెప్పకూడదని ఉత్తర్వు. తర్వాత ఆ ఉత్తర్వు పోయింది, అబద్ధం మాత్రం అలాగే ఉంచుకున్నాను.

వారం వారం కొత్త పటం వచ్చేది. నలుపుకి ఒక స్క్రీను, ఎర్ర చుక్కలకి ఇంకొకటి. ఆ వారం మూడు వందల కాగితాలు. ఎర్రది లాగుతున్నాను. నూట ఎనభై అయ్యాక తడి కాగితాన్ని ఆరేసేటప్పుడు, మిగతా చుక్కలన్నీ ఒకవైపు గుంపుగా ఉంటే, ఒక్కటి మాత్రం దూరంగా, ఒంటరిగా కనబడింది. మిగతావాటికంటే కొంచెం చిన్నది కూడా. బెజ్జం అనుకున్నాను. నూట ఎనభై కాగితాల దాకా కనిపెట్టలేకపోయానే అని సిగ్గుపడ్డాను కూడా.

అనుమానం వస్తే అసలు గీసిన కాగితంతో సరిచూసుకోవాలి. అది నియమం. ఆ కాగితం కింది అంతస్తులో పటాలు గీసే ఆఫీసరు బల్ల మీద ఉంటుంది. మధ్యలో ఇరవై రెండు మెట్లు. ఎందుకు దిగలేదని అడుగు. కింద జీపు హారన్ కొడుతోంది, పటాల కోసం. చేతినిండా సిరా. ఇవన్నీ సాకులు. అసలు కారణం, నాకు అనుమానం రాలేదు. అప్పటికే పద్దెనిమిదేళ్ల పనివాణ్ణి, బెజ్జాన్ని చూడగానే పట్టేస్తానన్న పొగరు. కుంచె తీసి, ముంచి, మూసేశాను. అరనిమిషం పని. మిగిలిన నూట ఇరవై కాగితాలు ఆ చుక్క లేకుండా వెళ్లాయి.

నాలుగో రోజు కల్వర్టు పేలింది. లారీ అన్నారు, డ్రైవరు బావ అని సాయంత్రానికి తెలిసింది. విచారణవాళ్లు కొట్టుకి వచ్చారు. మా దగ్గర ప్రతి పనిలోనూ మొదటి కాగితాన్ని ఫైల్లో పెడతాం. దాన్ని తీసి చూశారు. చుక్క ఉంది. "అచ్చు సరిగ్గానే ఉంది" అని రాసుకుని వెళ్లిపోయారు. ఫైలు తీసి వాళ్ల చేతికిచ్చింది నేనే. అది మొదటి కాగితమని, నూట ఎనభై ఒకటో కాగితం వేరని నోరు తెరిచి చెప్పలేదు.

బావ చేతికి వచ్చింది మొదటి నూట ఎనభైలో ఒకటే అయి ఉంటుందని రెండేళ్లు నాకు నేను చెప్పుకున్నాను. నిజంగానే నీళ్లకి చెరిగిందేమోనని. అందుకే నంబరు అడిగాను, నంబర్లు కాగితాలు లాగిన వరసలోనే పడతాయి. నువ్వు 214 అని రాశావు. నూట ఎనభై దాటింది. అప్పటికైనా చెప్పాలి కదా. ఊరికే అడిగాను అని రాశాను.

సిరా నాసిరకమన్నది నిజమే. తడిస్తే చెరుగుతుందన్నది అబద్ధం. అది కాగితంలోకి ఇంకిపోతుంది, ఎన్ని నీళ్లు పోసినా పోదు. నీ అర్జీని మూసింది ఆ గుమస్తా కాదు, నేనే.

బొగ్గమ్మ ఆ ఫిల్ముని చెత్తలోంచి తీసి బల్ల మీద పరిచినప్పుడు నేను గుర్తుపట్టాను. ఆమెకి అదేమిటో తెలియదు, గీతలు బాగున్నాయని తీసుకుంది. ఎర్ర పెన్సిలు చేతికిచ్చినప్పుడు నా చెయ్యి దానంతట అదే అక్కడికి వెళ్లింది. ముప్పై తొమ్మిది కాగితాల మీద చుక్క పెట్టాను. నలభయ్యోదాని మీద పెట్టలేదు. అది నా గది గోడకి ఉంది. రోజూ చూస్తున్నాను. నీకు చుక్క ఉన్నదాన్ని పంపింది ఎందుకో నాకే తెలియదు. చెప్పే ధైర్యం లేక, నువ్వే కనిపెడితే బాగుండునని అనిపించింది కాబోలు. నువ్వేమో కనిపెట్టి, నన్ను బంగారం అన్నావు.

రెండేళ్లు అన్నం ఎలా తిన్నావని అడుగుతానన్నావు. తిన్నాను అక్కా. మామూలుగానే తిన్నాను. అదే నాకు భయంగా ఉంది.

ఈ ఉత్తరాన్ని ఎవరికి చూపించాలన్నా చూపించు. ఈసారి వద్దనను. కాగితం వెనక నా పూర్తి పేరూ, కొట్టు ముద్రా వేశాను.

తమ్ముడు

జూన్ 12

అక్కా,

ఉత్తరం అందిందా? ఏం రాసినా ఫరవాలేదు. ఏదో ఒకటి రాయి. పిచ్చుక ఎలా ఉందో అదొక్కటైనా రాయి.

తమ్ముడు

జూలై 2

ఉత్తరం అందింది. రెండూ అందాయి.

మొదటి పది రోజులు షెడ్డులో గుండీలు తలకిందులుగా కుట్టి విప్పాను. నీ ఉత్తరాన్ని పొయ్యిలో వేద్దామని రెండుసార్లు తీశాను. వేస్తే తమ్ముడు మిగులుతాడు, మొగుడు దోషిగానే ఉండిపోతాడు. వెయ్యకపోతే తమ్ముడు పోతాడు. ఎటు చూసినా నా ఇంటివాళ్లే. ఎవరి మీద కోపం తెచ్చుకోవాలో తెలియక పిచ్చుకని కొట్టాను, ఊరికే, చెంప మీద. అది ఏడవలేదు. "మావయ్యేనా?" అంది. నేను చెప్పనే లేదు. ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచీ నా మొహం చూసి తెలుసుకుందట.

తర్వాత వెళ్లాను. బోర్డు గురించి ఆసుపత్రి హాల్లో పదకొండు ఇళ్లవాళ్లూ కూర్చున్న రోజు, పిలవకుండా వెళ్లి, తలుపు దగ్గర నిలబడి నీ ఉత్తరం చదివాను. "నేనే" దగ్గర్నుంచి ముద్ర దాకా. నేను ఆగినచోట పిచ్చుక అందుకుని చదివింది. ఇరవై రెండు మెట్లు అన్నచోట ఎవరో కుర్చీ వెనక్కి తోశారు. అయిపోయాక గడియారాలావిడ లేచి, నా దగ్గరికి వచ్చి, పటాన్ని తీసుకుని, కిటికీ దగ్గరికి వెళ్లి చాలాసేపు చూసింది. "ఇక్కడేం లేదు, నిజంగానే ఏం లేదు" అంది. రెండేళ్లలో ఆమె నాతో అన్న మొదటి మాట అది.

విచారణ ఆఫీసువాళ్లు నీ ఉత్తరాన్నీ, పటాన్నీ, నువ్వు పంపిన ఆ పెద్ద కాగితాన్నీ కూడా తీసుకున్నారు. మూడింటినీ కలిపి మూలన సూది గుచ్చి ఫైల్లో పెట్టారు. నిన్ను పిలుస్తారు. వెళ్లు.

బోర్డు అప్పటికే అచ్చయి వచ్చేసింది, పదకొండు పేర్లతో. కొత్తది చేయించే వీల్లేదన్నారు, కింద ఖాళీ ఉంది కాబట్టి పన్నెండో పేరు రాయించమన్నారు. ఊళ్లో పెయింటర్ని పిలుద్దామన్నారు. గడియారాలావిడ ఒప్పుకోలేదు. "చుక్కని మూసిన చెయ్యి ఉంది కదా, ఆ చేత్తోనే రాయించండి" అంది. నన్ను శిక్షిస్తోందో, నిన్ను శిక్షిస్తోందో, నాకు తెలియలేదు. నేను సరేనన్నాను.

బోర్డు రైల్లో వస్తోంది. రాసి వెనక్కి పంపు. నువ్వు రాకు. నీ మొహం చూసే ఓపిక నాకు లేదు, ఎప్పటికి వస్తుందో చెప్పలేను.

లారీ డ్రైవరు భార్య

జూలై 21

అక్కా,

ఆ మాటకి నాకింకా హక్కుందో లేదో. వేరే ఏం రాయాలో తెలియక రాశాను.

విచారణకి వెళ్లాను. అంతా చెప్పాను, ముగ్గురు రాసుకున్నారు. అందులో పెద్దాయన ఒక్క ప్రశ్నే అడిగాడు, మెట్లెందుకు దిగలేదని. పొగరు అని చెప్పాను. దాన్నీ రాసుకున్నారు. శిక్ష ఏమిటో తర్వాత చెబుతారట. కొట్టులో నన్ను తీసేశారు. బొగ్గమ్మ వచ్చింది. ఆ ఫిల్ము ఏమిటో ఆమెకి తెలిసింది. "నేను అందంగా ఉందనుకున్నాను" అని ఒక్కమాట అని వెళ్లిపోయింది.

బోర్డుని నా గదిలో బల్ల మీద పెట్టి రాశాను. పదకొండు పేర్లూ అచ్చువి, ఒక్క వెంట్రుకవాసి తేడా లేదు. బావ పేరుకి స్క్రీను చేసి అచ్చేస్తే కలిసిపోయేది. ఫ్రేముకి గుడ్డ బిగించాను కూడా. కానీ దాన్ని వెలుతురుకి పట్టి చూస్తుంటే, బెజ్జాల కోసం కళ్లు వాటంతటవే వెతకడం మొదలుపెట్టాయి. పక్కన పెట్టేశాను. కుంచెతో రాశాను. మూడో అక్షరం కొంచెం పైకి లేచింది. తుడిచి మళ్లీ రాయబోయి మానేశాను. బావ పేరు మీద నేను మళ్లీ ఏదీ తుడవలేను.

ఇది మాసినా, పెచ్చులూడినా, ఎప్పుడు పంపినా మళ్లీ రాసిస్తాను.

తమ్ముడు

ఆగస్టు 3

బోర్డు వచ్చింది. మొన్న గోడకి ఎక్కించారు. మేం తలుపు వేసుకోలేదు, వెళ్లాం. ముందు వరసలో నిలబడమని ఎవరూ అనలేదు, వెనక్కి వెళ్లమనీ అనలేదు.

పన్నెండో పేరు మిగతావాటిలా లేదు. దూరం నుంచే తెలిసిపోతోంది, చేత్తో రాసిందని. మూడో అక్షరం లేచింది, నిజమే. పిచ్చుక వేలితో దాన్ని తడిమింది. పెయింటు కొంచెం ఎత్తుగా తగులుతోందట, మిగతా పేర్లు నున్నగా ఉన్నాయట. కళ్లు మూసుకుని కూడా నాన్న పేరు పట్టుకోగలనని అందరి ముందూ చేసి చూపించింది. గడియారాలావిడ అక్కడే ఉంది. ఏడుస్తోంది, వాళ్లబ్బాయి పేరు దగ్గర.

మర్నాడు కుళాయి దగ్గర ఆమె జరగలేదు. పలకరించనూ లేదు. బకెట్టు పక్కన బకెట్టు పెట్టుకుని నిలబడ్డాం.

బడిలో ఒక పిల్ల వచ్చి పిచ్చుక బల్ల మీద కూర్చుందట. "మోచేతులు ముడుచుకోవాల్సి వస్తోంది" అని ఫిర్యాదు చేస్తోంది.

నిన్ను క్షమించలేదు. క్షమించానని రాస్తే అది నా జీవితంలో మొదటి అబద్ధం అవుతుంది. రావద్దన్న మాట కూడా అలాగే ఉంది.

నువ్వు పంపిన అద్దం పలక బిగించేటప్పుడు నా చేతిలోనే విరిగింది. ఆ పెద్ద కాగితాన్ని విచారణవాళ్లు తీసుకున్నారు కదా, కిటికీ మళ్లీ ఖాళీ అయింది. వానకి నీళ్లు లోపలికి వస్తున్నాయి. నీ దగ్గర ఆ నలభైలో ఇంకేవైనా మిగిలి ఉంటే ఒకటి పంపు. చుక్క ఉన్నదే పంపు. లేనిది నీ గోడకే ఉండనీ.

అక్క